నాకు మాత్రమేనా, అందరికా

2023లో, వానలు మొదలయ్యే రోజుల్లో జరిగిన సంగతి ఇది. జగిత్యాల కొత్త బస్టాండు దగ్గర చెప్పుల దుకాణం పైన మా ఆఫీసు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపించే ఆసాములకు మేమొక యాప్ తయారుచేసి ఇచ్చాం. ఏ సాంచ మీద ఏ రంగు నూలు ఎక్కాలో అది ఫోన్లో చూపిస్తుంది. నా పని రిలీజ్. రాసిన కోడ్‌ను పనిచేసే యాప్‌గా కట్టి, వాడేవాళ్ళకు చేర్చడం. ఆ కట్టే పని జరిగే యంత్రాన్ని బిల్డ్ సర్వర్ అంటారు. మావి మూడు, ఎక్కడో ముంబైలో అద్దెకు తీసుకున్నవి. వాటి ముఖం నేనెప్పుడూ చూడలేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం నా ఒక్కడి దగ్గరే ఉండేది.

ఏడేళ్ళు ఆ పని చేత్తోనే చేశాను. మొత్తం పద్నాలుగు మెట్లు, అన్నీ నోటికి వచ్చు. ఏ కాగితం మీదా రాయలేదు. రాస్తే ఇంకొకరు చదువుతారు కదా.

అప్పుడు కోరుట్ల నుంచి నస్రీన్ వచ్చి చేరింది. రోజూ బస్సులో వచ్చిపోయేది. వారం పాటు నా పక్కన కుర్చీ వేసుకుని, ఇదెందుకన్నా, అదెందుకన్నా అని అడుగుతూ పద్నాలుగు మెట్లూ నోట్‌బుక్కులో దించుకుంది. మరో వారానికి వాటిని ఒక పైథాన్ స్క్రిప్టుగా రాసేసింది. స్క్రిప్టంటే యంత్రానికి వరుసగా రాసిచ్చే పనుల పట్టిక. ఇక సోమవారం పొద్దున తొమ్మిదింటికి సర్వరే తనంతట తాను యాప్ కట్టి పంపిస్తుంది. మా సారు అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నారు. మెట్లు నావి, మెప్పు ఆమెది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. సిరిసిల్ల ఆసామి రాజేశం కూడా ఫోన్ చేసి, "కోరుట్ల బిడ్డ ఉన్నదా?" అని అడగసాగాడు. దాచడమెందుకు, కళ్ళలో నిప్పులు పోసుకున్నాను.

స్క్రిప్టు నడవాలంటే, దాన్ని చదివి నడిపించే పైథాన్ అనే సాఫ్ట్‌వేర్‌ను మూడు సర్వర్ల మీదా ఎక్కించాలి. పాస్‌వర్డ్ నాది కాబట్టి ఆ పని నాకే పడింది. ఎక్కించేటప్పుడు యంత్రం ఒక ప్రశ్న అడుగుతుంది: నీకు మాత్రమేనా, అందరికా? తొమ్మిదింటి పని నా పేరు మీద నడవదు. దానికి సర్వీస్ అకౌంట్ అని మనిషి లేని లాగిన్ ఒకటి వేరే ఉంటుంది. అందరికీ అని పెట్టకపోతే దానికి పైథాన్ కనిపించదు. నాకా సంగతి తెలుసు. తెలిసే "నాకు మాత్రమే" నొక్కాను, మూడు సర్వర్ల మీదా. సోమవారం స్క్రిప్టు ఆగిపోతుంది, అందరూ నావైపు తిరుగుతారు, నేను చేత్తో పంపించి పరువు కాపాడతాను. అదీ నా ఎత్తు. శనివారం పరీక్షను నా లాగిన్‌లోనే చేసి చూపించాను. చక్కగా నడిచింది. నస్రీన్ మిఠాయి పంచితే నేనూ తిన్నాను.

ఆ సోమవారమే వేములవాడ గుడిలో మా అక్కవాళ్ళ కోడె మొక్కు, దేవుడి పేర కోడెను కట్టేసే మొక్కు. తొమ్మిదికల్లా బయటపడతాననుకున్నాను. సోమవారం అక్కడి రద్దీ తెలిసి కూడా అలా అనుకున్నానంటే, కుళ్ళు బుద్ధిని ఎంత తినేస్తుందో చూడండి. ఫోన్ కౌంటర్లో పెట్టి వరుసలో నిలబడ్డాను. బయటికొచ్చేసరికి పదకొండున్నర. ఆ పిలుపు కోసమే కాచుకున్నవాణ్ణి, ఫోన్లో పంతొమ్మిది మిస్డ్ కాల్స్ చూసుకున్నాను.

పాత యాప్ ఎర్రంచు చీరకు నీలం నూలు చూపిస్తోంది. ఆ తప్పు దిద్దినదే కొత్త రిలీజ్. అది రాలేదు. రెండు సాంచాల మీద నీలం నేసేశాక గానీ రాజేశం గుర్తుపట్టలేదు. మిగతావన్నీ ఆపేశాడు. ఆటో పట్టుకుని సిరిసిల్ల పోయాను. సాంచాల మోతకు ఎప్పుడూ సైగలతో మాట్లాడుకునే ఆ షెడ్డులో ఆ రోజు నా అడుగుల చప్పుడు నాకే వినిపించింది. పనివాళ్ళు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. రాజేశం కోప్పడలేదు. నీలం అంచు చీర నా చేతిలో పెట్టి, "రేపు పొద్దుగాల ఇయ్యకుంటే ఆర్డర్ వేరేటోళ్లకు పోతది తమ్మీ" అన్నాడు.

ఆయన కంప్యూటర్ నుంచే సర్వర్‌లోకి వెళ్ళాను. నస్రీన్ ఆఫీసు నుంచి ఫోన్లో ఉంది, స్పీకర్ మీద. పొద్దున్నుంచీ తన స్క్రిప్టులోనే తప్పు వెతుక్కుంటోందట. ఏడ్చిన గొంతు.

"అన్నా, పైథాన్ ఎక్కడున్నదో అడిగి, వచ్చింది సదువుండ్రి."

అడిగితే తెర మీద ఒక్క వరుస వచ్చింది. యూజర్స్, దాని పక్కన నా పేరు, చివర పైథాన్. అంటే అది నా ఒక్కడి ఫోల్డర్‌లోనే ఉందని. చదివాను. పేరు దగ్గర గొంతు తగ్గించాను గానీ, ఆ షెడ్డులో ఏ చప్పుడూ లేదు.

"అండ్ల నీ పేరెందుకున్నది తమ్మీ?" అన్నాడు రాజేశం, నిజంగానే తెలియక.

ఫోన్లో నస్రీన్ కీబోర్డు టకటక ఆగిపోయింది. ఆమెకు అర్థమైందని నాకు తెలిసిపోయింది.

"గది గట్లనే సూపిస్తది కాకా" అంది నస్రీన్. "అన్నా, అందరికీ అని పెట్టి మల్లొకసారి ఎక్కించుండ్రి."

పావుగంటలో కొత్త యాప్ వచ్చింది. సాంచాలు ఒక్కొక్కటే మొదలయ్యాయి, ఆర్డర్ నిలిచింది. చెక్ చేసుకోనిది తానేనని ఆమె సారుతో చెప్పిందట. నేను వెళ్ళి నిజం ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది.

యంత్రం దేన్నీ దాచిపెట్టదనీ, ఎవరు ఏం చేశారో పేరుతో సహా ఉంచుతుందనీ ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరా ఉంది. పద్నాలుగు మెట్లూ గోడకు అంటించి ఉన్నాయి. మరి అసూయ పోయిందా అంటే, లేదు. అప్పుడు ఆమె స్క్రిప్టు చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు "గది గట్లనే సూపిస్తది" అన్న ఆ ఒక్క మాటను తలచుకుని కుళ్ళుకుంటాను. ఆమె స్థానంలో నేనుంటే, ఆ పేరు ఎవరిదో ఇంకోసారి గట్టిగా చదవమనేవాణ్ణి.