ఆది అడిగిన రోజు

మోత్కూర్‌లో మా ఇంటి ముందు గదే నా దుకాణం. జాకెట్లు కుడతాను. మిషనుకు ఎదురుగా టీవీ. సాయంత్రం సీరియల్ మొదలైతే కాళ్లు తొక్కుతూనే ఉంటాయి, కళ్లు మాత్రం అటే.

అందులో ఒక ముసలామె ఉంది. ఏదీ గుర్తుండదు. ఉప్పేసిన కూరలో మళ్లీ ఉప్పేస్తుంది, తాళాలు చేతిలో పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది. ఆమె కనబడితే చాలు, నాకు ఒళ్లు మండేది. కోడల్ని సతాయించడానికే ఈ నఖరాలన్నీ అని తిట్టేదాన్ని. ఓసారి ఆమె కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని బల్ల కింద దేవులాడుతుంటే నా బిడ్డ పకపకా నవ్వింది.

"గా ముసలామె అచ్చం నీ లెక్కనే ఉన్నదమ్మా!"

"నీ నోట్ల మన్ను వడ! నాకేమైందే?" అని గయ్యిమన్నాను.

బిడ్డ పెళ్లయి నల్లగొండ వెళ్లిపోయింది. సీరియల్ మాత్రం అయిపోలేదు.

కొత్త జాకెట్టు కుట్టించుకునేవాళ్లు కొలతల కోసం తమకు సరిగ్గా పట్టే పాతది ఒకటి ఇచ్చిపోతారు. దాన్నే ఆది అంటాం. మొన్న ఎండాకాలం కొత్త గుడ్డ అనుకుని ఆది మీదే కత్తెర పెట్టాను. జాకెట్టు చెయ్యి తెగి బల్ల మీద పడ్డాక గానీ తెలియలేదు. ఆ జాకెట్టామె మంచిది. "ఏం పరేషాన్ల ఉన్నవో అక్కా, పోనీ తియ్యి" అంది.

అప్పటినుంచి ఆ ముసలామెను తిట్టడం మానేశాను. ఇవాళ ఆమె ఏం మర్చిపోతుందోనని బిక్కుబిక్కుమంటూ చూస్తాను. ఒకనాడు కన్నకూతురినే "ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. దవాఖానకు పోదామంటే కాళ్లు రావు. నాకూ అదే జబ్బని డాక్టరంటే ఏం చెయ్యాలి?

దసరాకు బిడ్డ వచ్చింది. పట్టు గుడ్డ నా ముందు పెట్టింది.

"మంచిగ కుట్టమ్మా."

తన జాకెట్లన్నీ చిన్నప్పటినుంచి నేనే కుట్టాను, ఏనాడూ ఆది అడగలేదు. గుడ్డ పరిచి సుద్ద పట్టుకున్నాను. భుజం ఎంత? నడుం ఎంత? ఒక్కటీ గుర్తు రాలేదు. ఎంత గుంజినా రాలేదు.

"ఆది ఇయ్యి బిడ్డా."

"నాకు ఆదేందమ్మా!" అని నవ్వింది.

నేను తల ఎత్తలేదు. నవ్వు ఆగిపోయింది. టీవీలో ముసలామె ఎవరినో పిలుస్తోంది. నా బిడ్డ గబుక్కున లేచి టీవీ బంద్ చేసింది.