ఎర్రపేలిక కట్టిన ఆనపకాయ

అమ్మాజీ ఇల్లు కట్టుకొని వచ్చినప్పుడు శామీర్‌పేట దగ్గర మా కాలనీలో ఉన్నవి ఎనిమిదే ఇళ్లు. అది తొంభై ఎనిమిదో సంవత్సరం. భర్త చలపతిరావు సికింద్రాబాదులో గుమాస్తా. ఆవిడ మాత్రం పెరటికి కలెక్టరు. వంగ, బెండ, తోటకూర మడులు స్కేలు పెట్టి గీసినట్టు ఉండేవి. ఎవరికైనా ఒక్క పచ్చిమిరపకాయ ఇచ్చిందంటే మూడు నెలలు గుర్తుచేసేది.

గోడవారన ఉన్న ఆనపపాదు ఆవిడ ప్రాణం. రాజోలు దగ్గర పుట్టింటి విత్తనం అది. తల్లి పోయాక ఆ ఇల్లు అమ్మేశారు, ఆ గింజ ఇంకెక్కడా లేదు. అందుకే ఏటా ఒక కాయ కొయ్యకుండా విత్తనానికి వదిలేది. ఆ కాయలెంత పొడుగంటే, మేడ్చల్ బస్సెక్కిస్తే కండక్టరు ఫుల్ టికెట్టు కొట్టాల్సిందే.

రెండువేల ఒకటిలో పాదుకు తెగులొచ్చి పిందెలన్నీ కుళ్లిపోయాయి. మిగిలింది ఒక్క కాయ. అదీ గోడ దాటి పక్కింటి విజయమ్మ వైపు వేలాడింది. మా కాలనీ నేలంతా ఒకప్పుడు విజయమ్మ వాళ్ల పొలమే. అమ్మేసినా ఇంకా తనదే అన్నట్టు నడుస్తుంది. ఆవిడ కోళ్లు అమ్మాజీ తోటకూర మడి గీకినప్పటి నుంచి ఇద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు.

కాయ ముదిరి గట్టిపడింది. ఎవరూ కొయ్యకుండా అమ్మాజీ గోడమీంచి వంగి, తొడిమకి పసుపు రాసిన ఎర్రగుడ్డ పేలిక కట్టింది. వాళ్లమ్మ విత్తనపు కాయకి అలాగే గుర్తు పెట్టేదట.

తెల్లారి అది చూసి విజయమ్మ అరిచిన అరుపుకి మేడ్చల్ స్టేషన్లో రైలాగిందంటే నేను నమ్ముతాను.

"ఓ అమ్మాజీ, బయటికి రా! నా దిక్కు ఎర్రపేలిక గట్టినవేంది? నా ఇంటిమీద బాణామతి జేస్తున్నవా?"

"చేతబడా? మీకు చెయ్యడం కూడా దండగే! అది విత్తనానికి పెట్టుకున్న గుర్తండీ."

"గుర్తుకు పసుపెందుకు? పొద్దుగాల మా బర్రె పాలియ్యకుండ తన్నింది. గిందుకేనన్నమాట!"

"మీ గొంతు విని తన్నుంటుంది. ఆ కాయ ముట్టుకున్నారో, ఊరుకోను. మా అమ్మ విత్తనం, ఇదొక్కటే మిగిలింది."

"సచ్చిపోయిన మీ అమ్మ పేరు మీద జేసినవా? మంచిగ దొరికినవ్!"

మధ్యాహ్నానికి విజయమ్మ కూలీ సత్తయ్యని పిలిపించింది. అతను చేత్తో ముట్టకుండా దోటీతో కాయను రాల్చాడు. చెప్పుతో మూడు దెబ్బలు కొట్టి, పగిలిన ముక్కల్ని పెంటకుప్పలో పూడ్చాడు. అమ్మాజీ గోడ ఇవతల నిలబడి అంతా చూసింది. "బజార్లో గింజలు దొరుకుతాయి కదే" అన్నందుకు చలపతిరావు వారం రోజులు ఉత్త చారన్నం తిన్నాడు.

మరుసటేడు వానలకి పెంటకుప్ప మీద ఆనపతీగ లేచింది. పీకమంటే సత్తయ్య ముట్టనన్నాడు. విజయమ్మకీ ధైర్యం చాలలేదు. ఎవరూ ఆపకపోయేసరికి అది గొడ్లపాక ఎక్కి, మా కాలనీ మొత్తానికి సరిపడా కాసింది. ఒక్కరూ కొయ్యలేదు. కాయలు తీగమీదే ఎండాయి.

ఒకరోజు అమ్మాజీ కత్తిపీట చంకన పెట్టుకొని విజయమ్మ గేటు తీసుకొని లోపలికి నడిచింది.

"ముట్టకు! నెత్తురు కక్కుకొని సస్తవ్!"

"కక్కుకునేది నేనే కదా, మీకేం పోయింది?"

ఎండిన కాయను చెవి దగ్గర ఊపింది. లోపల గింజలు గలగలమన్నాయి. కోసుకొని, చంటిపిల్లలా ఎత్తుకొని గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

"గోడవారనే మళ్లీ పాదు పెడతాను. ఈసారీ పేలిక కడతాను!"

విజయమ్మ వాకిట్లో కుర్చీ వేసుకొని మూడు రోజులు కూర్చుంది, పక్కింటావిడ ఎప్పుడు నెత్తురు కక్కుకుంటుందా అని. నాలుగో రోజు సత్తయ్యని పిలిచి గోడ ఇంకో మూడు వరసలు లేపించింది.

ఆ గోడ సిమెంటు ఆరకముందే అమ్మాజీ ఇవతల గింజలు పాతింది.