ప్రతి సోమవారం పీకి పెట్టిన వైరు

మా బాబాయికి గర్వం ఉందంటే ఎవరూ నమ్మరు. కూర చప్పగా ఉన్నా మాట్లాడకుండా తిని లేచిపోయే మనిషి. "ఉప్పు వెయ్యలేదని చెప్పొచ్చు కదా! నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?" అని పిన్ని దెప్పినా చిన్నగా నవ్వి ఊరుకునేవాడు. అలాంటి ఆయనకు ఒక్క విషయంలో మాత్రం గర్వం ఉండేది. తను రాసిన డ్రైవరు మీద పంతొమ్మిదేళ్లలో ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని.

డ్రైవరంటే బండి నడిపేవాడు కాదు. కంప్యూటరు వెనక వైరు గుచ్చే చోట నెట్‌వర్క్ కార్డని ఒక చిన్న పలక ఉంటుంది. ఆ కార్డు భాష కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలియదు, దీని భాష దానికి తెలియదు. మధ్యలో కూర్చుని ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేసే ప్రోగ్రామే డ్రైవరు. బాబాయి చూసుకునే కార్డు చాలా పాతది, తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ ఆపరేటింగ్ సిస్టమ్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడి వాళ్లో ఉత్తరాలు రాసుకుంటూ కలిసి నడుపుతారు. బాబాయి రోజూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్లేముందు రెండు గంటలు ఆ పనిమీద కూర్చునేవాడు.

వాళ్లలో ఒక నియమం ఉంది. పని సవ్యంగా సాగుతున్నంతసేపూ డ్రైవరు నోరు మెదపకూడదు. మొదట్లో బాబాయి, కంప్యూటరు ఆన్ కాగానే కార్డు పేరూ, ఇబ్బంది ఉంటే రాయమంటూ తన చిరునామా తెరమీద కనిపించేలా ఒక వరుస పెట్టాడట. తరువాత అది సొంత డప్పులా ఉందనిపించి తానే తీసేశాడు. ఇదంతా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన చెబితే కదా!

కిందటేడు ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది. 'ఈ కార్డు ఇంకా ఎవరైనా వాడుతున్నారా? కొత్త కోడ్‌ని ఈ కార్డు మీద నడిపి, పరీక్షించానని ఒక్కరైనా పేరు పెట్టాలి. ఆరు వారాల్లో ఎవరూ పలకకపోతే డ్రైవరును తీసేస్తాం' అని దాని సారాంశం. రాసినవాడి మాట చెల్లదు, వాడేవాడి పేరే కావాలి. బాబాయి దగ్గరున్న ఒకే ఒక్క కార్డు అంతకుముందే కాలిపోయింది. రెండు వారాలు గడిచాయి. ఒక్కరూ పలకలేదు. ఆయన అన్నం సరిగా తినడం మానేశాడు, అడిగితే ఏమీ లేదన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పిన్ని ఫోన్ చేసి చెప్పగానే వెళ్లి నిలదీసి, విషయం మొత్తం కక్కించాను. నేను లిఫ్టులు బాగుచేస్తాను. ఊళ్లో ఏ భవనం అడుగున ఏ పాత పెట్టె తుప్పు పడుతోందో నాకు తెలుసు. "పద బాబాయ్, వెతుకుదాం" అన్నాను. కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాం. ఒకచోట మమ్మల్ని పాతసామాన్లు కొనేవాళ్లనుకున్నారు. ఇంకోచోట సెక్యూరిటీ అతను ఏం కావాలని అడిగితే బాబాయి నీళ్లు నమిలాడు, నేనే చెప్పాల్సివచ్చింది.

గడువులో మూడో వారం ముగుస్తుండగా నీళ్ల పంపుహౌసులో ఒక పాత కంప్యూటరు దొరికింది. నాలుగు ట్యాంకుల్లో నీటిమట్టం ఎంతుందో ఆ కంప్యూటరుకే వస్తుంది. బాబాయి మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, పెట్టె వెనక కార్డు నంబరు చదివాడు. ఆయన మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"దీన్ని పెట్టి పదకొండేళ్లయింది సార్" అన్నాడు పంపు ఆపరేటరు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. "కాస్త మొండిది. సోమవారం సోమవారం వైద్యం చేస్తే చాలు, వారమంతా నడుస్తుంది."

"వైద్యమేంటి?" అన్నాడు బాబాయి.

"ఏముంది సార్, పొద్దున పదింటికి ఈ వైరు పీకి, పది లెక్కపెట్టి మళ్లీ గుచ్చుతా. లేకపోతే తొమ్మిదో రోజుకి మొద్దుబారిపోతుంది. ట్యాంకు నిండినా తెరమీద అంకె కదలదు. ఒకసారి అలాగే పొంగి కింద వీధంతా నీళ్లయింది. అప్పట్నించీ ఒక్క సోమవారం కూడా తప్పలేదు. సెలవైనా వస్తా. మా అమ్మ పోయింది కూడా సోమవారమే. వచ్చి, పీకి, పెట్టి వెళ్లా."

"ఎవరికీ చెప్పలేదా? దీని డ్రైవరు రాసింది నేనే" అన్నాడు బాబాయి.

"ఎవరికి చెప్పను సార్? అమ్మినవాళ్లేమో తప్పు కార్డుదన్నారు. ఆ కంపెనీ చూస్తే లేదు. దీని వెనక ఓ మనిషున్నాడని నాకేం తెలుసు?"

బాబాయికి తల కొట్టేసినట్టయింది. దారిలో, "నువ్వేం చేస్తావు, నీకు తెలిస్తే కదా" అన్నాను. "చిరునామా తీసేసి, తెలియకుండా చేసుకుంది నేనే కదమ్మా" అన్నాడు. ఆ పూట అన్నం తింటూ ఉన్నట్టుండి, "కూరలో ఉప్పు లేదు" అన్నాడు. పిన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మూడు రోజులు ఆఫీసుకు సెలవు పెట్టి తప్పు పట్టుకున్నాడు. ఆ కార్డు తన గుండా పోయే ప్రతిదాన్నీ లెక్కపెడుతుంది. లెక్క నిండబోతే డ్రైవరును పిలుస్తుంది. డ్రైవరు వచ్చి ఆ లెక్క చదివి సున్నా చెయ్యాలి, లేకపోతే కార్డు మొద్దుబారిపోతుంది. 'ఇది ఎన్నటికీ నిండదు' అని బాబాయే కోడ్‌లో రాసి ఆ పిలుపును వదిలేశాడు. ఇంట్లో నిజంగానే నిండలేదు. పడుకునే ముందు కంప్యూటరు ఆపకపోతే పిన్ని ఒప్పుకోదు, కాబట్టి అది తొమ్మిది రోజులు వరసగా నడిచిందే లేదు. పంపుహౌసులో ఆగిందే లేదు, వైరు పీకి పెట్టినప్పుడు మాత్రమే ఆ లెక్క సున్నా అయ్యేది.

పంపుహౌసు స్టోరులో అదే కార్డున్న ఇంకో కంప్యూటరుంది. సరిచేసిన డ్రైవరును దాంట్లో పెట్టి, వైరు దానికి గుచ్చి, పాత కంప్యూటరును సిద్ధంగా పక్కనే ఉంచారు. రెండు వారాలు ఎవరూ వైరు ముట్టుకోకూడదు. మొదటి సోమవారం పదయ్యేసరికి మేమూ అక్కడే ఉన్నాం. ఆపరేటరు చెయ్యి దానంతటదే వైరు దగ్గరకు వెళ్లింది. వెనక్కి లాక్కుని రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. తొమ్మిదో రోజు దాటింది. రెండో సోమవారమూ దాటింది. కార్డు మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది.

గడువు ఇక రెండు రోజులే ఉంది. ఆపరేటరు పేరు పెట్టడానికి జంకాడు. "రేపు ఏదైనా అయితే నా మెడకి చుట్టుకోదు కదా సార్?"

బాబాయి ఒక్కసారే అన్ని మాటలు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. "చుట్టుకుంటే నా మెడకే. మీ పేరు పైన నా పేరుంటుంది. ఇదిగో నా నంబరు. ఆగినా ఫోన్ చెయ్యండి, ఆగకపోయినా చెయ్యండి. పదకొండేళ్లు నేను చెయ్యాల్సిన పని మీరు చేశారు. ఆ పేరు అక్కడ ఉండాలి."

ఆపరేటరు పేరు పెట్టాడు. డ్రైవరు నిలిచింది. వెంటనే బాబాయి తను తీసేసిన చిరునామా వరుసను మళ్లీ పెడతానని రాశాడు. నియమం ఒప్పుకోదని అవతలివాళ్లు గొడవపెట్టారు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి తొమ్మిది ఉత్తరాలు రాసి ఒప్పించాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

తరువాతి సోమవారం నేను వాళ్లింట్లోనే ఉన్నాను, బాబాయి ఇంకా ఆఫీసుకు బయల్దేరలేదు. సరిగ్గా పదింటికి బాబాయి ఫోన్ మోగింది. ఆయన కంగారుగా స్పీకరు నొక్కాడు.

"ఆగిందా?"

"లేదు సార్, బాగానే ఉంది. ఇవాళ సెలవు పెట్టా. సోమవారం పదింటికి ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో చూద్దామని." తరువాత గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మ గుర్తొచ్చింది సార్. ఆ రోజు నేను వైరు పెట్టి ఇంటికి వచ్చేసరికి శ్మశానానికి తీసుకెళ్లిపోయారు."

బాబాయి ఫోన్ దగ్గరికి వంగాడు. "నా వల్లే" అన్నాడు. తరువాత కుర్చీ లాక్కుని కూర్చుని, "అమ్మ గురించి చెప్పండి, వింటాను" అన్నాడు. పదకొండు దాటేదాకా ఫోన్ పెట్టలేదు.