వంటింట్లో పాతిన రుబ్బురోలు

అరవైల చివర్లో నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో లా చదివేదాన్ని. తార్నాకలో అద్దెకుండేవాళ్ళం. అమ్మ గుంటూరులోని పుట్టింటి నుంచి రైల్లో తెచ్చుకున్న రుబ్బురోలును, మా వైపు అలవాటు ప్రకారం, ఆ వంటింటి నేలలో పాతించింది.

ఇల్లు మారే రోజున రోలు తవ్వబోతే ఇంటి యజమాని అడ్డొచ్చాడు.

“నేలల పాతినంక అది ఇంటిదే అయితదమ్మా. చాబీ ఇచ్చిపోండ్రి.”

అమ్మ తాళంచెవి అందించబోయింది.

“ఇవ్వకమ్మా” అని అరిచేశాను. సామాను మోస్తున్నవాళ్ళు కూడా ఆగి చూశారు. సిగ్గేసింది. అయినా క్లాసులో విన్నది చెప్పాను. అద్దెకున్నవాళ్ళు తాము నేలలో పాతుకున్నదాన్ని ఇల్లు అప్పగించేలోపు తీసుకోవచ్చు, తాళంచెవి ఇచ్చి అప్పగించాక కుదరదు. నేలను మాత్రం మునుపటిలా చేసివ్వాలి.

ఆయన రోలు దగ్గర్నుంచి పక్కకు తప్పుకున్నాడు.

“తీస్కపో బిడ్డా. గుంత మంచిగ పూడ్చి పో.”

సీతాఫల్‌మండిలో కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో అమ్మ రోలును పాతనివ్వలేదు. “మనకంటూ ఇల్లున్నప్పుడు చూద్దాంలే” అంది. ఆమె పిండి రుబ్బుతుంటే, అడుగు ఎగుడుదిగుడుగా ఉన్న ఆ రోలు కదలకుండా నేను పట్టుకునేదాన్ని.

తర్వాత ఎన్నో ఆస్తి తగాదాలు వాదించాను. సొంతం అనే మాట వచ్చినప్పుడల్లా నా అరచేతులకు ఆ కదిలే రోలే గుర్తొస్తుంది.