రాగి గనుల ఊళ్లో ఆకుపచ్చ మగ్గు

పోయిన ఆదివారం మా అమ్మాయి ఫోన్ చేసి, వచ్చే వారం అల్లుడూ తనూ రెండేళ్ల పాపని తీసుకుని ఆర్‌వీ బండిలో నెవాడా మీదుగా యూటా వెళ్తున్నామనీ, మన పాత ఆకుపచ్చ మగ్గు ఇంకా ఉంటే తీసి పెట్టమనీ చెప్పింది. ఏ వస్తువూ పారేయనని నన్ను ఏడిపించే మనుషులే అవసరం వస్తే నన్నే అడుగుతారు కదా, ఆ గర్వంతోనే గరాజ్‌లోకి వెళ్లి, దీపావళి ప్రమిదల డబ్బా వెనక నుంచి దాన్ని పట్టుకొచ్చాను. అంచు కొంచెం విరిగింది, రంగు వెలిసింది, పిడి మాత్రం గట్టిగానే ఉంది. సింక్ దగ్గర నిలబడి దాన్ని తోముతున్నానే గానీ నా మనసంతా 2002 వేసవిలో, ఆ రాగి గనుల ఊళ్లోనే ఉండిపోయింది.

మన తరం వాళ్లకి ఆ మగ్గు సంగతి వేరే చెప్పక్కర్లేదు. అమెరికా వచ్చిన ప్రతి తెలుగింటి బాత్‌రూమ్‌లోనూ అలాంటిదొకటి ఉండేది. కాగితంతో సరిపెట్టుకునే అమెరికన్ ఆఫీసు వాళ్లు భోజనానికి వస్తున్నారంటే మా స్నేహితురాళ్లు కొందరు దాన్ని గబగబా సింక్ కింద దాచేసేవారు. నేను ఏనాడూ దాచలేదు. శుభ్రంగా ఉండడానికి సిగ్గెందుకని అప్పుడూ వాదించాను, ఇప్పుడూ వాదిస్తాను.

అప్పట్లో మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్లం. ఆ వేసవిలో మావారి కంపెనీలో పని తగ్గి, అందరినీ రెండు వారాలు బలవంతాన సెలవు మీద పంపారు. ఇంట్లో కూర్చుంటే దిగులు తప్ప ఏమీ మిగలదని, ఆయన ఒక ఆర్‌వీ అద్దెకు తెచ్చారు. వంటగది, పడకలు, బాత్‌రూమ్ అన్నీ ఉన్న ఆ బండిని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కుక్కరు, సోనామసూరి బియ్యం, కందిపప్పు, ఆవకాయ, పోపుల డబ్బా, వాటితోపాటు ఈ మగ్గూ ఎక్కించేశాను. అమ్మాయికి తొమ్మిదేళ్లు, పిల్లవాడికి నాలుగు. డ్రైవర్ సీటు పైన ఉండే చిన్న పడక అమ్మాయి తన రాజ్యమని ముందే చెప్పేసింది. ఇంట్లో తెలుగే మాట్లాడాలన్నది నేను పెట్టిన రూలు. ఆర్‌వీ కూడా ఇల్లే కాబట్టి అక్కడా ఇదే రూలని బయలుదేరకముందే ప్రకటించాను.

అమ్మాయి గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఏడాది దానికి మా మీద కొత్తగా సిగ్గు మొదలైంది. లంచ్ బాక్స్‌లో పప్పన్నం పెట్టొద్దనేది, బొట్టు పెట్టుకుని స్కూల్‌కి రావద్దని నన్ను బతిమాలేది. నేనా, మాట పడే మనిషిని కాను, బొట్టు ఇంకాస్త పెద్దది పెట్టుకునే వెళ్లేదాన్ని.

బండి ఇచ్చినతను నీళ్ల ట్యాంకు నలుగురికి నాలుగు రోజులు వస్తుందన్నాడు. ఆ లెక్క వేసినవాడు బియ్యం మూడుసార్లు కడిగే మనిషిని చూసి ఉండడు. శనివారం నాడు పిల్లలకి తలంటు పోయకుండా ఉండే తల్లిని కాను కదా నేను, నెవాడా ఎడారిలో కూడా శాస్త్రోక్తంగా కుంకుడు పొడితో తలంటాను. దానికి తోడు మగ్గు. రెండో రోజు ఆదివారం మధ్యాహ్నానికి, ట్యాంకులో నీళ్లెంతున్నాయో చూపించే నాలుగు దీపాల్లో ఒక్కటే వెలుగుతోంది. పైగా పొద్దున్నుంచీ పిల్లవాడికి జ్వరం.

అలా చేరాం ఆ ఊరికి. కొండని ఎవరో మెట్లు మెట్లుగా కోసుకుంటూ పోయినట్టు పెద్ద గని, దాని కింద ఒక చర్చి, ఒక పెట్రోల్ బంకు, రెండు వీధులు. గనిలోంచి వచ్చే లారీల టైర్లు మా ఇంటి గుమ్మం కంటే ఎత్తు. మామూలు రోజైతే పిల్లవాడు వాటిని చూసి గంతులేసేవాడు. ఆ రోజు కళ్లు కూడా తెరవలేదు. ఆర్‌వీ పార్కులో ఎక్కువమంది గని పనివాళ్లే, చక్రాల మీది ఇళ్లలాంటి ట్రైలర్లలో సంసారాలు చేసుకుంటున్నారు. మాకు కరెంటు దొరికింది గానీ, నీళ్ల పైపు పగిలిందట, పొద్దుటికి గానీ బాగవదన్నారు. ఊళ్లో ఉన్న ఒక్క కొట్టూ ఆదివారం కాబట్టి మూసేసి ఉంది. తర్వాతి ఊరు డెబ్బై మైళ్లు. తాగే నీళ్ల సీసాలు రెండే మిగిలాయి. జ్వరంతో ఉన్నవాణ్ణి ఆ ఎండలో మళ్లీ కుదిపి తీసుకెళ్లడానికి మాకు మనసొప్పలేదు.

మందు వేసి, తడిగుడ్డలు వేస్తూ కూర్చున్నాను. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. నిజం చెప్తున్నాను, ఎప్పుడూ దేనికీ జంకని దాన్ని ఆ రోజు భయపడ్డాను. మావారు ఆ దీపం వంకే చూస్తూ, "నువ్విలా మగ్గులు మగ్గులు పారబోస్తుంటే పొద్దుటికి వాడికి తాగడానిక్కూడా ఉండవు" అన్నారు. ఆయన భయం ఆయనది. అమ్మాయి పై పడక మీద రంగులేసుకుంటోంది.

పది నిమిషాలయ్యాక చూస్తే మగ్గు లేదు. బాత్‌రూమ్ అంతా, సింక్ కిందా వెతికితే, చివరికి అమ్మాయి పడక మీద దాని స్వెటర్‌లో చుట్టి ఉండగా దొరికింది. పక్క ట్రైలర్ ముందు ఒక అమెరికన్ ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. నాకు విషయం ఇట్టే అర్థమైపోయింది. ఆవిడ చూస్తుందని ఇది మగ్గు దాచేసింది. తమ్ముడు ఆ స్థితిలో ఉంటే దీనికి నామోషీ ముఖ్యమా అనిపించి, చెంప మీద ఒక్కటి వేశాను. "మామ్, ఐ వజ్ జస్ట్..." అని అది ఏదో మొదలుపెట్టింది. "తెలుగులో చెప్పు" అన్నాను. నోరు తెరిచి మళ్లీ మూసేసింది. స్వెటర్ మడతపెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంకాసేపటికి ఆ పక్క ట్రైలర్ ఆవిడే మూతలు పెట్టిన రెండు బకెట్ల నీళ్లు తెచ్చి మా మెట్టు దగ్గర పెట్టింది. ఇక్కడ పైపు తరచూ పగులుతుందనీ, అందుకే ఎప్పుడూ పట్టి ఉంచుకుంటామనీ చెప్పి, నా థాంక్స్ పూర్తిగా వినకుండానే వెళ్లిపోయింది. అప్పుడే ఆవిడ భర్త గని నుంచి వచ్చాడు. కనుబొమల దాకా దుమ్ము. ఆయన్ని బయట స్టూల్ మీద కూర్చోబెట్టి, ఒక సత్తు మగ్గుతో నెత్తి మీద నీళ్లు పోసింది. నేను ఊరుకుంటానా, అమ్మాయిని పడక మీంచి దింపి మరీ చూపించాను. "చూశావా, వాళ్లూ మగ్గుతోనే పోసుకుంటున్నారు. ఇందులో సిగ్గేముంది?" అన్నాను. అది వాళ్లని చూడనే లేదు, బకెట్ల వంక చూస్తూ, "తమ్ముడికి సరిపోతుందా, ఈ వాటర్?" అంది. బోలెడు ఉన్నాయన్నాను.

ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ ఉంటే పొద్దువాలేసరికి జ్వరం దిగింది. వాడు లేచి చారన్నం అడిగాడు. మర్నాడు పైపు బాగయ్యాక ట్యాంకు నింపుకుని, ఆవిడకి డబ్బా నిండా జంతికలు ఇచ్చి బయలుదేరాం. ఆవిడ పిల్లవాడి చేతిలో పచ్చటి చారలున్న రాగి రాయి ఒకటి పెట్టింది. అది ఇప్పటికీ మా టీవీ పక్కన ఉంది.

ఆ తర్వాత, తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్ విందులు ఎన్నింటిలో చెప్పానో ఈ కథ. మన మగ్గు చూసి సిగ్గుపడిన పిల్లకి గని పనివాడి భార్య ఎలా బుద్ధి చెప్పిందో నేను అభినయించి చూపిస్తే ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వేవారు. అమ్మాయి కూడా ఆ గదిలోనే ఉండేది, చిన్నగా నవ్వి ఊరుకునేది.

నిన్న మగ్గు తీసుకెళ్లడానికి వచ్చింది. చేతికిస్తూ, ఒకప్పుడు దీన్ని చూసి సిగ్గుపడ్డావు, చివరికి ఇదే కావాల్సొచ్చిందా అన్నాను. అది పాపకి చెప్పులు తొడుగుతూ, మామూలుగానే, "సిగ్గుపడి కాదమ్మా. వాటర్ అయిపోతుందని నాన్న అన్నారు కదా. తమ్ముడికి ఉండవని భయమేసింది. మగ్ లేకపోతే నువ్వు నీళ్లు వాడవు అనుకున్నా" అంది.

ఇన్నేళ్లూ చెప్పలేదేమని అడిగాను. "అప్పుడు చెప్పబోయా, నువ్వు తెలుగులో చెప్పమన్నావు. నాకు వర్డ్స్ రాలేదు. తర్వాత నువ్వు ఆ స్టోరీ అందరికీ ఎంత హ్యాపీగా చెప్పేదానివో, పాడుచేయాలనిపించలేదు" అంది.   ఆ రోజు నేను కొట్టిన చెంప మీద చెయ్యి వేసి నిమిరాను.

ఆ గని మూసేశారట, మావారు మ్యాప్‌లో వెతికి చూపించారు. ట్రైలర్లు ఉండే చోట ఖాళీ నేలే ఉంది. ఇప్పటి ఆర్‌వీల్లో నీళ్లెన్ని ఉన్నాయో ఫోన్‌లోనే తెలుస్తుందట. మన బాత్‌రూమ్‌లలోనూ గోడకి స్ప్రేలు వచ్చాయి, మగ్గు దాచాల్సిన పనే ఎవరికీ లేదు. ఇంట్లో తెలుగే మాట్లాడాలనే రూలు కూడా ఎప్పుడో నాకు తెలియకుండానే సడలిపోయింది. మనవరాలు వెళ్లేటప్పుడు మగ్గుని నెత్తిన బోర్లించుకుని, నా కొంగు పట్టుకుని, ఇంగ్లీషులో ఏదో పెద్ద కథ మొదలుపెట్టింది. సగం ముద్దు మాటలు, సగం నాకు అర్థం కాని మాటలు. అల్లుడు కారు స్టార్ట్ చేసి ఎదురు చూస్తున్నాడు. అయినా మోకాళ్ల నొప్పి లెక్కచేయకుండా కింద కూర్చుని, అది చెప్పడం పూర్తయ్యేదాకా విన్నాను.