కడిగిన అరుగులు

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. కొలవడం మాత్రం తాపీమేస్త్రీల వెనక తిరిగి నేర్చుకున్నాను. గుణదలలో ఇళ్లకు అంచనాలు వేసుకుంటూ బతుకుతున్న రోజుల్లో, ఒక పాత బజారును కొలవడానికి మనిషి కావాలని విజయవాడలోని ఆర్కిటెక్టు మేడమ్ గారి ఆఫీసు నుంచి కబురు వచ్చింది. నాకు సరిగ్గా సరిపోయే పని అనుకున్నాను.

ఆ ఊరు డెల్టాలో కాలవ ఒడ్డున ఉంది. ఒకప్పుడు ధాన్యం, బట్టలు, ఇత్తడి సామాను పడవల మీద వచ్చి అక్కడ దిగేవి. కాలవ దగ్గర మొదలై లోపలికి వెళ్లే ఒకే ఒక్క వీధి ఆ బజారు. కింద కొట్లు, పైన చెక్క వరండాలు, కొట్ల ముందు అరుగులు. బైపాస్ రోడ్డు పడ్డాక వ్యాపారం అటు జరిగిపోయింది. పెళ్లి బట్టలకు జనం బస్సెక్కి విజయవాడ వస్తున్నారు. వానాకాలం వచ్చిందంటే ఎక్కడో ఒక కప్పు కూలుతోంది. ఆ పాత కట్టడాలను నిలబెట్టి, వాటి అందం చూపించి, బజారుకు మళ్లీ జనాన్ని రప్పించాలని మునిసిపాలిటీ వాళ్లు అనుకున్నారు. అందుకోసం తయారుచేయాల్సిన ప్రణాళికకు వారసత్వ వ్యూహం అని పేరు పెట్టారు. ఏ కొట్టు ఎంత పాతది, ఏ గోడ ఇంకా ఎంతకాలం ఆగుతుంది, ఏది ముందు బాగుచేయాలి, వీధిలో ఏ వేళ జనం ఎంత తిరుగుతున్నారు, ఇవన్నీ లెక్కగట్టడం నా వంతు.

ఎండ పడకముందే పని మొదలుపెడదామని నేను మొదటి బస్సుకే వెళ్లేవాణ్ణి. అప్పటికి కొట్లు ఒక్కటీ తెరిచేవారు కాదు. అయినా వీధి నిండా జనమే. ప్రతి అరుగు మీదా ఎవరో ఒకామె గంప పెట్టుకుని కూర్చునేది. ఆకుకూరలు, నిమ్మకాయలు, పూలు. ఒక బట్టల కొట్టు అరుగు మీద సముద్రం వైపు నుంచి వచ్చే ఒకామె ఎండు చేపలు అమ్మేది. వయసు యాభై దాటి ఉంటుంది. నేను టేపు తీయగానే పలకరించింది.

"ఏం సారూ, నన్నూ కొలుత్తారా?"

"అరుగును, అమ్మా."

"అరుగెక్కడికి పోద్ది? నన్ను కొలుసుకోండి, ఏడాదికేడాది పెరుగుతున్నా."

పక్క అరుగు మీది ఆకుకూరలామె అందుకుంది. "దాన్ని కొలవాలంటే మీ టేపు చాలదండీ. ఇంకోటి కొనుక్కురండి."

కొట్లు తెరిచే వేళకు వాళ్లు లేచిపోయేవారు. లేచేముందు అరుగును పసుపు నీళ్లతో కడిగి, ముగ్గు పెట్టి మరీ వెళ్లేవారు. అద్దె లేదు, మాటపట్టింపు లేదు. బట్టల కొట్టు షావుకారు గారిని అడిగితే నవ్వారు.

"మా నాన్నగారి కాలంలో వాళ్లత్త కూర్చునేదండి. ఎండు చేపల మీద చీరలమ్ముతాడని నన్ను ఏడిపిస్తారు గానీ, ఆ అమ్మాయి కడిగాక వాసనేమన్నా ఉందేమో మీరే చూడండి."

నిజంగానే ఉండేది కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మేడమ్ గారి బృందం వివరాలు రాసుకోవడానికి వచ్చింది కొట్లు తెరిచాకే. యజమానులు ఉంటేనే గదా లోపలికి రానిస్తారు. అరుగుల గురించి రాయాల్సిన చోట అందరూ ఒకటే మాట రాశారు, ఖాళీగా ఉన్నాయని. ముగ్గులు మాత్రం వాళ్లకు బాగా నచ్చాయి. కొట్ల యజమానుల ఇంటి ఆడవాళ్లు పెడుతున్నారనుకున్నారు.

నా లెక్క నేను వేసుకుని చూశాను. కొట్లు తెరవకముందు ఆ వీధిలోకి వచ్చే జనం, తెరిచాక రోజంతా వచ్చే జనం కన్నా ఎక్కువ. అనుమానం వచ్చి మళ్లీ లెక్కపెట్టాను. ఎక్కువే. వీధికి జనాన్ని ఎలా రప్పించాలా అని మేము ప్రణాళిక రాస్తున్నాం. వచ్చే జనమేమో వీళ్ల కోసం వస్తున్నారు. అదే మేడమ్ గారికి చెప్పాను. ఆవిడ మంచి మనిషి, విషయం వెంటనే పట్టుకున్నారు.

"మనం చెబితే నమ్మరండీ. ఫోటోలు కావాలి. తెల్లారేసరికి నేనే వస్తాను. షావుకారు గారికి ఒక మాట చెప్పి ఉంచండి, వీధిలో కెమెరాలు చూసి కంగారు పడతారు."

చెప్పాను. ఆయన సంతోషించారు.

మేం వెళ్లేసరికి అప్పుడప్పుడే వెలుగొస్తోంది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క గంప లేదు. అరుగులన్నీ కడిగి ఉన్నాయి. తడి ఇంకా ఆరలేదు. ఆ తడి మీద తెల్లటి ముగ్గులు. మేడమ్ గారు కెమెరా తీసి ముగ్గులను ఫోటోలు తీసుకున్నారు.

"ఎంత బాగుందండీ. ఏరీ మరి, మీరు చెప్పినవాళ్లు?"

వెతుక్కుంటూ వెళితే కాలవగట్టు మీద దొరికారు, గంపల మీద గుడ్డలు కప్పుకుని, బేరం లేకుండా వరసగా కూర్చుని.

"ఇక్కడున్నారేమ్మా?"

"పెద్దోళ్లు వత్తన్నారని సావుకారు గారు చెప్పారుగా," అంది ఎండు చేపలామె. "ఆళ్లింటికి చుట్టాలొత్తే మనం గుమ్మంలో అడ్డంగా కూకుంటామా?"

"వాళ్లొచ్చింది మీకోసమేనమ్మా."

"మాకోసం ఎవరొత్తారండీ," అని ఆకుకూరలామె నవ్వింది.

"ఒక్కసారి వచ్చి కూర్చోండి. ఫోటో తీసుకుంటారు."

"ఇప్పుడా? కడిగేశాం సారూ. ముగ్గు తొక్కుతామా?"

ఆ బజారులో అదొక మర్యాద. కొట్టు వాళ్ల ఇంట్లో పెళ్లయినా, చావయినా, పెద్దమనుషులెవరైనా వస్తున్నా, ఒకరు చెప్పకుండానే ఆ రోజు అరుగు వదిలేస్తారు. మళ్లీ ఎప్పుడు కూర్చోవాలో కూడా ఎవరూ చెప్పక్కర్లేదు. దీన్ని ఏ కొలతలో పెట్టి మేడమ్ గారికి చూపించాలో నాకు తెలియలేదు. ఆవిడే గట్టు మీదకు వచ్చి వాళ్లను అడిగారు. మేడమ్ గారిని చూడగానే అందరూ లేచి నిలబడ్డారు.

"అరుగుల మీద మీకు చోటు లేకపోతే ఇబ్బందా అమ్మా?"

"మాకేం ఇబ్బంది లేదండీ. అరుగు సావుకారు గారిది. ఆయన లెగమంటే లేత్తాం," అన్నారు ఒకరి మాట మీద ఒకరు.

బస్సులో మేడమ్ గారు నెమ్మదిగా అన్నారు. "వాళ్లే ఏమీ లేదంటుంటే, మనం ఏదో ఉందని ఎలా రాస్తామండీ?"

ప్రణాళికలో అరుగుల కోసం ఒక నమూనా గీశారు. పాత ఫోటో ఒకదానిలో ఒక కొట్టు అరుగుకు చెక్క రెయిలింగ్ కనిపించింది. అన్నిటికీ అదే పెడితే వీధికి పాత కళ వస్తుందన్నారు. అరుగు పొడవు, ఎత్తు, స్తంభానికి స్తంభానికి దూరం, అన్నీ నేనిచ్చినవే. ఒక్కటీ తప్పుపోలేదు. కొట్టు బాగుచేసుకోవడానికి మునిసిపాలిటీ సాయం కావాలంటే యజమాని ఒక హామీ రాసివ్వాలి, అరుగు ఇంకెవరి వాడకంలోనూ లేదని.

బట్టల కొట్టు షావుకారు గారు ఆ కాగితం పట్టుకుని నన్ను లోపలికి పిలిచారు. పైకి చూపించారు. నడిమి దూలంలోకి ఇనప చువ్వ గుచ్చి చూసింది నేనే. ఆపేదేమీ లేనట్టు లోపలికి దిగిపోయింది.

"ఆ దూలం సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. సంతకం పెట్టనా, మాననా? మీరే చెప్పండి."

మానమని ఎలా చెప్పను? పెట్టమని ఎలా చెప్పను? చూరు కింద గంప సర్దుకుంటున్న ఎండు చేపలామె మా మాటలు విన్నట్టుంది.

"పెట్టెయ్యండి సావుకారు గారూ. కప్పు కూలితే దానికిందుండేది మనిద్దరమే."

ఆయన నవ్వలేదు. సంతకం పెట్టారు.

ఆఖరి సమావేశంలో నేను లేచి ఎండు చేపలామె సంగతి చెప్పాను. కొట్లు తెరిచేదాకా అరుగుల మీద గంపల వాళ్లు కూర్చోవచ్చు అని ఒక్క వాక్యం రాయమన్నాను. మునిసిపాలిటీ అధికారి విసుక్కోలేదు, ఓపికగానే విన్నారు.

"బైపాస్ దగ్గర చేపల మార్కెట్ ఉంది కదండీ?"

"అది పెద్ద వ్యాపారులదండి. ఈమె దగ్గర కొనేది పొద్దున్నే పనికి వెళ్లేవాళ్లు, కాలవ పక్కవాళ్లు. అంత దూరం రారు."

"మీరు చెప్పేది నిజమే కావచ్చు. మరి అరుగులు ఖాళీ అని మీ బృందమే రాసింది. ఫోటోల్లోనూ ఖాళీగానే ఉన్నాయి. యజమానులూ అదే రాసిచ్చారు. మీ జనం లెక్క చూశాను, వాళ్లు ఎవరి కోసం వస్తున్నారో అందులో లేదు. ఇన్ని కొలతలు తెచ్చారు, దీనికీ ఒకటి తెచ్చి ఉంటే బాగుండేది."

కూర్చున్నాను. అంతకన్నా ఏం చేయాలో ఇప్పటికీ నాకు తోచదు. మేడమ్ గారు నా వైపు చూసి తల దించుకున్నారు. ఆ నివేదిక అట్ట మీద ఆ పొద్దుటి ముగ్గుల ఫోటోనే వేశారు.

మచ్చుకు ముందు కొన్ని కొట్లు బాగుచేశారు. అందులో బట్టల కొట్టు ఒకటి. కొత్త దూలం, సున్నం పూత, టేకు రెయిలింగ్. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. మిగిలిన పని సరిచూడడానికి ఒకరోజు మొదటి బస్సుకే వెళ్లాను. ఎండు చేపలామె రెయిలింగ్ బయట, గంప చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

"మీరొచ్చింది మంచిదైంది సారూ. ఈ చెక్కకీ మురిక్కాలవకీ మజ్జన నా గంప పట్టుద్దేమో కొలవండి."

వంగి చూశాను. గంపకు ఆ అంచు నుంచి ఈ అంచుకు టేపు పట్టి చూశాను.

"గంప పడుతుందమ్మా."

"నేను?"

మళ్లీ కొలిచాను. కొలవక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోంది.

"పట్టవమ్మా."

"పెరుగుతున్నానని అప్పుడే చెప్పాగా," అంటూ ఆమె గంప అక్కడ దించింది. తను మురిక్కాలవ దాటి రోడ్డు మీద నిలబడి, వంగి మెత్తళ్ల చేపలు సర్దడం మొదలుపెట్టింది. వెనక ఆటో హారన్ కొట్టింది. ఆమె ముందుకు జరిగింది, ఆటో పోయాక వెనక్కి వచ్చింది. ఇంకో ఆటో. కొనడానికి వచ్చినామె కూడా రోడ్డు మీదే నిలబడాల్సి వచ్చింది, బేరం మధ్యలో రెండుసార్లు పక్కకు తప్పుకుంది.

నేను వెళ్లి ఆమెకు రోడ్డు వైపున నిలబడ్డాను, ఆటోలు నన్ను చూసి కాస్త పక్కనుంచి వెళతాయని. వెళ్లాయి కూడా. కొట్లు తెరిచేదాకా అలాగే ఉన్నాను. రేపు అక్కడ నిలబడడానికి నేను ఉండనని ఇద్దరికీ తెలుసు.