కృతి వేరు, కాగితం వేరు

కాపీరైటు చట్టం మొదలుపెట్టే రోజు ఏటా ఒకే పని చేస్తాను. జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెడతాను. "ఇది నాకొచ్చిన ఉత్తరం. కాగితం నాది. చించేసినా, పొయ్యిలో వేసినా నన్నడిగేవాడు లేడు. లోపలున్న మాటలు మాత్రం రాసినవాళ్ళవి. అచ్చు వేయాలంటే వాళ్ళ అనుమతి కావాలి. కృతి వేరు, కాగితం వేరు. రాసుకోండి" అంటాను. పిల్లలు తలొంచుకుని రాసుకుంటారు. నిజానికి ఆ కవరులో ఉండేది కరెంటాఫీసు నోటీసు. నాకు ఉత్తరాలు రాసేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ ఒక్క ముక్కను నమ్మి నేను ఒక పాడుపని చేశాను. పాతికేళ్ళకు పైగా చట్టం చెప్తున్న వాణ్ణి, చట్టం ప్రకారం నా తప్పేమీ లేదు కూడా. ఒళ్ళు మండేది అందుకే.

అనంతపురంలో విశ్వవిద్యాలయంలో లా చెప్తాను. నా క్లాసుకు వచ్చేవాళ్ళలో సగం మంది కళ్యాణదుర్గం, వజ్రకరూరు, కొత్తచెరువు బస్సుల్లో దిగేవాళ్ళే. శెనక్కాయ చేలలోంచి, మగ్గాల ఇళ్ళలోంచి వస్తారు. పదో తరగతి దాకా తెలుగులోనే చదివి ఉంటారు. పుస్తకాలేమో అన్నీ ఇంగ్లీషువి. అందుకని తెలుగులో నోట్సు తయారు చేద్దామనుకున్నాను. ఆలోచన మంచిదే. చిక్కంతా నా చేతిరాతతో. కోడి గెలికినట్టుంటుంది. ఒక్కోసారి నేను రాసింది నాకే తెలియదు.

మా ఆవిడ రాసిపెడతానంది. ఆమెది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. వాళ్ళ నాయన గళ్ళ కాగితం మీద చీర అంచులకు డిజైన్లు వేసేవాడు. ఆయన గీసిన గళ్ళలో రంగు నింపడం చిన్నప్పుడు ఈమె పని. అందుకేనేమో రాసిన ప్రతి అక్షరమూ తన గడిలో తాను కూర్చున్నట్టు గుండ్రంగా, వత్తులతో సహా కుదురుగా ఉండేది. చదివింది పదో తరగతి. సాయంత్రం వంటింట్లో నేల మీద లాంగు నోట్‌బుక్కు పెట్టుకుని కూర్చునేది. నేను అటూ ఇటూ తిరుగుతూ చెప్పేవాణ్ణి.

చెప్పింది చెప్పినట్టు రాస్తే ఆమె ఎందుకవుతుంది? నాలుగు వాక్యాలకోసారి పెన్ను కింద పెట్టేసేది. "ఏం సామీ, నువ్వు చెప్పేది నాకే తలకెక్కలే. పిల్లోల్లకు యాడర్థమైతాది?"

"భావానికి హక్కు లేదు, వ్యక్తీకరణకే హక్కు ఉంది. ఇందులో అర్థం కానిదేముంది?"

"ఉత్త భావం, వ్యక్తీకరణ అంటే ఎట్లప్పా! ఒక మాట చెప్తా విను. ఉగ్గాని చేసేది నాకూ తెలుసు, పక్కింటామెకూ తెలుసు. బొరుగులు నానబెట్టేది, తిరగవాత పెట్టేది, పుట్నాల పొడి చల్లేది. అది ఎవురి సొత్తూ కాదు. కానీ నేను ఉగ్గాని గురించి నా మాటల్లో ఒక కాగితం రాస్తే, ఆ మాటలు నావి. అంతేనా?"

అంతే. అంతకంటే బాగా నేను ఈ రోజుకీ చెప్పలేను. అప్పుడు మాత్రం విసుక్కున్నాను. రాయొద్దన్నాను. ఆమె రాసేసింది.

నోట్సు నిండా ఇట్లాంటివే. రచయిత చనిపోయాక కూడా అరవై ఏళ్ళు హక్కు ఉంటుందని చెప్పిన రోజు పడీ పడీ నవ్వింది. "మనిషి పోయినాక అరవై ఏండ్లా! అన్నేండ్లు తలుచుకునేటోల్లు ఎవురుంటారు సామీ?" అంది. నేనూ నవ్వాను.

ఒక్క చోట మాత్రం నవ్వలేదు. డిజైను రిజిస్టరు చేయించుకోకుండా, దానితో యంత్రాల మీద యాభైకి మించి వస్తువులు తయారు చేయిస్తే, గీసినవాడికి దాని మీద కాపీరైటు పోతుందని ఒక సెక్షను ఉంది. అది విని పెన్నుకు మూత పెట్టేసింది. "మా నాయన ఇచ్చిన అంచు ఒగటి పవర్‌లూమోల్లు వందల చీరల మింద వేసినారు. అయితే అది ఆయనది కాదా?" అంది.

"చట్టం ప్రకారం కాదు."

"అయితే దీనికి నేను ఉదాహరణ రాయను." సెక్షను మాత్రం రాసి, కింద సగం పేజీ ఖాళీగా వదిలేసింది. ఎంత చెప్పినా పూరించలేదు. మొండిది.

అన్నీ అయ్యాక మొదటి పేజీ రాయించాను. విషయం పేరు, కింద 'సంకలనం' అని, దాని కింద నా పేరు, నా డిగ్రీలు. నేను చెప్పాను, ఆమె రాసింది. అందులో తప్పుందని నాకు తోచనే లేదు. రచయితకు తన పేరు చెప్పుకునే హక్కు ఒకటుందని, హక్కులన్నీ ఇంకొకరికి ఇచ్చేసినా అది మాత్రం పోదని ఏటా గొంతు చించుకుని చెప్పేవాణ్ణి నేను.

నోట్‌బుక్కు క్లాసులో తిప్పితే వారంలో జిరాక్సు అంగడికి చేరిపోయింది. యూనివర్సిటీ గేటు ఎదురుగా ఒక సాయిబు అంగడి. స్పైరల్ బైండింగు చేసి వచ్చిన పిల్లలందరికీ ఇస్తున్నాడని తెలిసి అగ్గి మీద గుగ్గిలమయ్యాను. అంగడి మెట్లెక్కి, పది మంది ముందర సెక్షన్లు చదివాను. కేసు పెడతానన్నాను. అతను చేతులు కట్టుకుని, "తప్పయిపోయింది సార్" అన్నాడు. ఇంటికొచ్చి ఆ ప్రతాపమంతా చెప్పాను.

"పిల్లోల్లు చదువుకునేకే కదా తీస్కపోయింది. నీకెందుకంత మంట?"

"అది నా నోట్సు."

"నీదా?" అంది. అంతే. లేచి పొయ్యి మీద పాలు చూడ్డానికి వెళ్ళింది.

ఇంకొకటి కూడా చెప్పాలి, సిగ్గైనా సరే. ఒకసారి జవాబు పత్రాలు దిద్దే చోట, వేరే ఊరి నుంచి వచ్చిన లెక్చరరు ఒకాయన ఒక పేపరు పైకెత్తి, "ఎవడయ్యా ఈ ఉగ్గాని మాస్టరు? పిల్లలందరూ ఇదే రాస్తున్నారు!" అని పగలబడి నవ్వాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నాదేనని చెప్పలేదు, మా ఆవిడదని అసలే చెప్పలేదు. ఇంటికెళ్ళాక ఆమెతో కూడా అనలేదు.

రెండేళ్ళ కిందట ఆమె పోయింది. జ్వరమని ఆసుపత్రిలో చేర్చాను, తొమ్మిదో రోజుకు లేదు. మాకు పిల్లల్లేరు. కర్మకాండలకు వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ఏమీ తోచక కంప్యూటరు ముందు కూర్చుని నోట్సు మొత్తం టైపు చేశాను. ఆ లెక్చరరు నవ్వు చెవుల్లోంచి పోలేదు కాబోలు, ఉగ్గాని తీసేశాను. అరవై ఏళ్ళ మాట తీసేశాను. ఉదాహరణలన్నీ పీకేసి, శుభ్రంగా, గౌరవంగా, గ్రాంథికంగా ఒక నోట్సు తయారు చేశాను. తర్వాత ఇల్లు ఖాళీ చేసి ఒంటిగది అద్దెకు తీసుకున్నాను. పాత పేపర్లు కొనేవాడొస్తే, అటక మీది కట్టలతో పాటు ఆ లాంగు నోట్‌బుక్కు కూడా వేసేశాను. విషయం కంప్యూటరులో ఉంది కదా, ఈ నూనె మరకల పుస్తకం ఎందుకనుకున్నాను. కృతి వేరు, కాగితం వేరు కదా!

మెస్సులో తిని గదికొస్తాను. ఆదివారం ఎవరితోనూ మాట్లాడే పనుండదు. సోమవారం క్లాసులో నోరు తెరిస్తే మొదటి మాట గొంతులో తట్టుకుంటుంది. దగ్గి సర్దుకుంటాను. వేసవి గాలికి కిటికీలోంచి ఎర్రమట్టి వచ్చి మంచం మీద పరుచుకుంటే, "చూడు, ఎట్ల పడిందో" అనడానికి కూడా మనిషి లేడు. ఒంటరితనమంటే ఏదో పెద్ద బాధ అనుకునేవాణ్ణి. ఇట్లాంటి చిన్న మాటలు లోపలే మిగిలిపోవడమని ఇప్పుడు తెలిసింది.

మొన్న క్లాసులో వెనక బెంచీలో కళ్యాణదుర్గం అమ్మాయి ఒకతె నేను చెప్పేది వినకుండా ఒళ్ళో ఏదో పెట్టుకుని చదువుతోంది. నా కోపం తెలిసిందే. విసురుగా వెళ్ళి లాక్కున్నాను. స్పైరల్ బైండింగు. తెరిచాను.

గుండ్రటి అక్షరాలు. ఒక్కొక్కటీ దాని గడిలో కూర్చుని ఉంది.

అమ్మాయి భయంతో లేచి నిలబడింది. "సార్, మీరిచ్చిన టైపు నోట్సు ఎన్ని తూర్లు చదివినా అర్థం కాలేదు సార్. ఇది మా సీనియర్ల కాడ ఉండాది. ఇందులో ఉగ్గాని ఉండాది సార్, దాంతోనే అర్థమయింది."

తిట్టాలని వచ్చినవాణ్ణి, పుస్తకం ఆ అమ్మాయి చేతికిచ్చి, ఆ రోజుకు క్లాసు చాలన్నాను. స్టాఫ్ రూములో తలుపు మూసుకుని ఏడ్చాను. మా ఆవిడ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆ పుస్తకం నాకివ్వమ్మా అని అడగాలని ఉంది. ఏ మొహంతో అడుగుతాను?

మరుసటి రోజు మధ్యాహ్నం జిరాక్సు అంగడి ముందు నుంచి మూడుసార్లు నడిచాను. నాలుగోసారి అతనే పిలిచాడు. గడ్డం నెరిసింది.

"రాండి సార్. ఏం, ఈ తూరి నిజంగానే కేసు పెట్టేకి వచ్చినారా?"

"నోట్సు కావల్ల" అన్నాను. "కాపీరైటుది. చేత్తో రాసింది."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మీ నోట్సే కదా సార్ అది. అసలుది మీ కాడనే ఉండాల."

"లేదు. పాత పేపర్లలో వేసేసినా."

నా నోట మా ఊరి యాస వచ్చి చాలా ఏళ్ళయింది. అతను స్టూలు జరిపి కూర్చోమన్నాడు. బల్ల కింది నుంచి ఒక అట్ట ఫైలు తీశాడు. "ఇదే మాస్టరు కాపీ సార్. అసలు పుస్తకం నుంచి నేనే తీసినా. మీరు తిట్టిపోయినాక పారేద్దామనుకున్యా. పిల్లోల్లు ఊరుకోల్యా."

పేజీలు తిప్పాను. ఉగ్గాని పేజీ అంచున ఒక వేలిముద్ర ఉంది. పసుపు అంటిన వేలు. కాపీలో నల్లగా పడింది. అరవై ఏళ్ళ పేజీ ఉంది. "అన్నేండ్లు తలుచుకునేటోల్లు ఎవురుంటారు?" అని తన మాటే రాసి పెట్టింది. టైపు చేసేటప్పుడు నేను తీసేసింది ఇదే. వాళ్ళ నాయన సెక్షను కింద సగం పేజీ అట్లాగే ఖాళీగా ఉంది.

"ఇది నేను తీస్కపోతా" అన్నాను. దీనికంటే ఆమె చేతికి దగ్గరగా ఉన్నది లోకంలో ఇంకేమీ లేదు.

"తీస్కపోండి సార్, మీది." అతను మిషను మీద చెయ్యి పెట్టి తల గోక్కున్నాడు. "కాకపోతే దీనికి కాపీ తీసి, ఆ కాపీకి మళ్ళా కాపీ తీస్తే అక్షరం చెదిరిపోతాది. పిల్లోల్లకు సరిగ్గా కనపడదు. నిన్న ఇద్దరొచ్చి అడిగిపోయినారు. రేపు రాండి అన్నా."

ఫైలు చంకలో పెట్టుకుని మెట్లు దిగాను. దిగి అక్కడే నిలబడ్డాను. రోడ్డవతల బస్సాగి పిల్లలు దిగుతున్నారు. గదికి తీసుకెళ్ళి ఏం చేస్తాను? అటక మీద పెట్టి, మెస్సుకెళ్ళి వచ్చి, మళ్ళీ తీసి చూసుకుంటాను. నాది అంటాను. "నీదా?" అని ఆమె అడిగింది ఒక్కసారే. నేను ఇంతవరకూ జవాబు చెప్పలేదు.

వెనక్కి వెళ్ళి ఫైలు బల్ల మీద పెట్టాను. పెన్ను అడిగాను. మొదటి పేజీలో నా పేరు పైన చోటుంది. 'రచన' అని రాసి, దాని పక్కన మా ఆవిడ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. అక్షరాలు ఎప్పటికంటే అధ్వాన్నంగా పడ్డాయి.

"మాస్టరు ఈడనే ఉండనీ. నాకు ఒక కాపీ తీసియ్యి."

అతను మొదటి పేజీ మిషనులో పెట్టాడు. కాగితం వేడిగా బయటికొచ్చింది. దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. కింద నా పేరు ఆమె చేతిరాతలో ముత్యాల్లా ఉంది. పైన ఆమె పేరు నా గెలుకుడులో ఉంది.

"పైన పేరు సరిగ్గా తెలీట్లేదు సార్" అన్నాడు మొహమాటంగా. "నీటుగా ఇంకోతూరి రాస్తారా?"

"నీటుగా రాసేది ఆమెనే" అన్నాను.